కరివేపాకు సాక్ష్యం

భార్య నవోమి పెంచుకున్న కరివేపాకు మొక్క స్నానాల తొట్టిలో ఆకులన్నీ వేగిపోయి పుల్ల మాత్రమే మిగిలి ఉండటం చూసి సత్యానందం తొట్టి పక్కనే చతికిలబడ్డాడు.

రాలిన ఓ ఆకును వేలితో ముట్టుకున్నాడు. అది అప్పడంలా పటుక్కుమని విరిగి పొడి అయిపోయింది. పైన కప్పులో ఎర్రటి హీట్ ల్యాంప్ ఇంకా నిప్పులు చెరుగుతూనే ఉంది. తొట్టిలో మిగతా కుండీలు, పుదీనా, గోంగూర, మల్లె, పచ్చగా, హాయిగా, తమకేమీ తెలియనట్టు నిలబడి ఉన్నాయి.

కింద నుంచి నవోమి గొంతు వినిపించింది.

"ఏమండీ! ఎవరో మనింట్లో పులిహోర పోపు పెట్టినట్టు వాసనొస్తోంది. మీకు రావట్లేదూ?"

"నాకు జలుబు!"

"కార్‌లో లేదుగా?"

"ఇప్పుడే పట్టింది. నయాగరా తుంపర!"

అంటూనే ల్యాంప్ ఆర్పి, బాత్రూమ్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు సత్యానందం. లోపల శవం, బయట భార్య, మధ్యలో తను. షామ్‌బర్గ్‌లో ఇల్లు కొనుక్కున్నప్పటి నుంచి ఇంత ఇరుకైన చోట ఎప్పుడూ నిలబడలేదు.

అది మామూలు మొక్క అయితే ఏ గొడవా లేదు. ఎనభై నాలుగులో షికాగో చుట్టుపక్కల కరివేపాకు మొక్క అంటే మాటలు కాదు. ఫ్లోరిడాలో ఉండే చెల్లెలు జయంతి ఇచ్చిన రెండాకుల పిలకను నవోమి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. చలికాలమంతా దాన్ని పసిబిడ్డలా గదులు మార్చింది. పగలు కిటికీ దగ్గర, రాత్రి హీటర్ దగ్గర. ఆమె హాస్పిటల్లో నర్సు. పేషెంట్లకు చూసినట్టే మొక్కకూ పొద్దున్నే టెంపరేచర్ చూసేది.

"ఈ మంచు దాటి బతికితే దీన్ని కోత పండుగలో ప్రభువుకే అర్పిస్తాను" అని తెలుగు క్రైస్తవ సంఘంలో అందరి ముందూ మొక్కుకుంది. బతికింది. బతకడమేమిటి, నవోమి భుజం దాకా ఎదిగింది. తెలుగు సంఘంలోని ఆడవాళ్ళందరూ దాని కొమ్మలకు మనసులో పేర్లు రాసేసుకున్నారు. కోత పండుగ వచ్చే ఆదివారమే.

ఈ లోపల సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులొచ్చాయి. నయాగరా వెళదామన్నారు. మొక్కలకు నీళ్ళెవరు పోస్తారన్న ప్రశ్న వచ్చింది.

"పక్కింటి కోవాల్‌స్కీ గారికి తాళం ఇద్దామండీ. ఎప్పుడూ ఆవిడేగా పోసేది" అంది నవోమి.

"ఇంట్లో ఇంజనీర్ని పెట్టుకుని పక్కింటావిడ చేత చెంబు పట్టిస్తావా?"

"ఇంజనీరు అంటే గుర్తొచ్చింది. మీరు బాగుచేసిన టోస్టరు ఇంకా గరాజ్‌లోనే ఉంది. బ్రెడ్డు పెడితే పైకప్పుకి తగులుతోంది."

"దాని పవర్ పెంచాను. దాన్ని బాగుచేయడమనే అంటారు."

సత్యానందం బాయిలర్లు డిజైన్ చేసే కంపెనీలో పనిచేస్తాడు. స్నేహితులు అతన్ని స్క్రూడ్రైవర్ సత్యం అంటారు. అతను దాన్ని బిరుదనుకుంటాడు.

పథకం చాలా సులువైనది. తొట్టి అడుగున బకెట్లలో నీళ్ళు. బకెట్ల చుట్టూ కుండీలు. ప్రతి కుండీ మట్టిలోంచి బకెట్‌లోకి ఒక నూలు తాడు. తాడు నీటిని పీల్చి మట్టికి అందిస్తుంది. పత్తి వత్తి నూనె పీల్చినట్టన్నమాట. ఇంతవరకు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

కానీ చిన్నపిల్లలకు కూడా తెలిసిన దగ్గర ఆగితే అతను సత్యానందం ఎందుకవుతాడు?

"ఆకుకి వేడి తగిలితే చెమట పడుతుంది" అని ప్రయాణం ముందు రోజు తనకు తనే వివరించుకున్నాడు. "చెమట పడితే దాహం వేస్తుంది. దాహం వేస్తే వేరు నీళ్ళు లాగుతుంది. పైగా ఇది మన దేశపు మొక్క. దీనికి మన ఎండ కావాలి."

ఆ ఎండ కోసం కరివేపాకు కుండీని బోర్లించిన బకెట్ మీద, సరిగ్గా హీట్ ల్యాంప్ కింద నిలబెట్టాడు. పావుగంటకి ఆగిపోయే టైమరును ఆగకుండా టేపు వేసి అంటించాడు. నవోమికి చెప్పలేదు. వచ్చాక ఆశ్చర్యపోవాలని.

ఇక నూలు తాళ్ళ సంగతి. ఇంట్లో మంచి నూలు ఎక్కడుందా అని వెతికితే సర్దిపెట్టిన సూట్‌కేస్‌లో కనిపించింది. నవోమి లంగా బొందులు. కొత్తవి, మందమైనవి, నీళ్ళు బాగా పీల్చేవి. ఒక్కొక్కటీ లాగేశాడు.

ఆ విషయం నయాగరా హోటల్లో బయటపడింది. ఆ తర్వాత జరిగిన సంభాషణ ఇక్కడ రాయడం కుదరదు. జలపాతం దగ్గర తీసిన ప్రతి ఫోటోలోనూ నవోమి ఒక చెయ్యి నడుం మీద వేసుకునే ఉంది. అది ఫోజు కాదు. లోపల సత్యానందం ఆఫీసు టై కట్టుకుంది, దాని ముడి మీద ఆమెకు నమ్మకం లేదు.

"మొక్క ఎలా ఉందో చూస్తాను, జరగండి" అంటూ నవోమి ఇప్పుడు మెట్లెక్కి వచ్చేసింది.

"జరగకూడదు. పైపు పగిలింది."

"ఏ పైపు?"

"వేడినీళ్ళది. లోపల ఆవిరి. ముఖం కాలిపోతుంది. నేను బాగుచేస్తాను."

"మరి మొక్కలు?"

"భేషుగ్గా ఉన్నాయి! గోంగూర అయితే నన్ను చూసి తలూపింది."

"కరివేపాకో?"

"అది..." సత్యానందం తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. "అది చాలా తేలికపడింది."

నవోమి అతని ముఖంలోకి కాసేపు చూసింది. జ్వరం లేదని బుకాయించే పేషెంటును చూసే చూపు అది. తర్వాత బట్టలు ఉతకడానికి బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది.

వాషింగ్ మెషీన్ చప్పుడు మొదలవగానే సత్యానందం పుల్లను కుండీతో సహా దుప్పటిలో చుట్టి, భుజాన వేసుకుని, ముందు గుమ్మంలోంచి బయటపడ్డాడు. కార్ డిక్కీ తెరుస్తుండగా కంచె అవతల కోవాల్‌స్కీ గారు గులాబీలకు నీళ్ళు పోస్తూ కనిపించింది.

"అయ్యో, ఎవరైనా పోయారా?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"లేదు లేదు. దుప్పటి. డ్రై క్లీనింగ్."

"లేబర్ డే కదా, అన్నీ మూసేసి ఉంటాయే?"

"అందుకే ముందుగా వెళ్ళి లైన్లో నిలబడతాను."

సామ్యూల్ అతనికి గుంటూరు కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు, ఇక్కడ అయిదు వీధుల అవతల ఇల్లు, ఒకే సంఘం. సత్యానందం కార్ నేరుగా అతనింటికి పోనిచ్చాడు. తన గరాజ్‌లో దుప్పటి విప్పి చూసి సామ్యూల్ తల మీద టోపీ తీసేశాడు.

"ఒరేయ్ సత్యం, ఇదేంట్రా! ఎవరు చేశార్రా ఈ ఘోరం?"

"వేడి ఎక్కువైంది."

"నీకా, దానికా?"

"ముందు నువ్వు లూసీకి చెప్పనని మాటివ్వు."

"క్రైస్తవుడు ఒట్టు పెట్టకూడదు గానీ, ఒట్టురా. మా ఆవిడకి ఒక్క ముక్క కూడా చెప్పను." సామ్యూల్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఈ చుట్టుపక్కల కరివేపాకు మొక్క ఇంకొక్కచోటే ఉంది. హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో వసుమతి గారు. తెలుగు అసోసియేషన్లో పాటలు పాడుతుందే, ఆవిడ. వెళ్ళి కాళ్ళ మీద పడు."

మర్నాడు ఆఫీసు నుంచి సరాసరి వసుమతి గారింటికి వెళ్ళాడు సత్యానందం. చేతిలో స్వీట్ల డబ్బా, ముఖంలో దైన్యం. ఆవిడ మంచి మనిషి. కథంతా విని కళ్ళు తుడుచుకుంది, నవ్వొచ్చి.

"ఉందన్నయ్యగారూ. నాకు వేరే పిలక కూడా వస్తోంది, కాబట్టి పెద్దది మీకిచ్చినా ఇబ్బంది లేదు. కానీ ఇవ్వను."

"అదేంటమ్మా?"

"మా అమ్మమ్మ చెప్పేది. ఇలాంటి మొక్క చేత్తో ఇస్తే బతకదు. అడిగి పుచ్చుకున్నా బతకదు. దొంగిలించి తీసుకెళ్ళాలి. అప్పుడే నాటుకుంటుంది."

సత్యానందం చుట్టూ చూశాడు. "నేను సంఘ పెద్దనమ్మా!"

"అయితే ఏంటి?"

"మాకు పది ఆజ్ఞలున్నాయి. ఎనిమిదోది దీని గురించే."

"మీ ఎనిమిదో దాన్లో మొక్కల మాట ఉందా?"

"విడిగా లేదు..."

"చూశారా! నేను లోపలికెళ్ళి టీ పెడతాను. కిటికీ వైపు వీపు తిప్పి నిలబడతాను. వెనక చెక్క డెక్ మీద కుండీలున్నాయి. టీ పొంగేలోపు మీరు కానిచ్చుకోండి. నేను చూడకూడదు, మీరు చెప్పకూడదు. నియమం నియమమే."

సత్యానందం వెనక గేటు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. డెక్ మెట్ల దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థించాడు.

"ప్రభువా, ఇది ఓనరు పర్మిషన్ ఉన్న దొంగతనం. దయచేసి దీన్ని మామూలు దొంగతనాల్లో కలపొద్దు. నేను వద్దన్నాను, నువ్వు విన్నావు."

ఆమెన్ అనీ అనకముందే పక్కింటి కుక్క మొరిగింది. వీపు మీద నీళ్ళు పోసినట్టయింది. దగ్గరగా ఉన్న కుండీలోంచి మొక్కను మట్టితో సహా పెకలించి, చంకన పెట్టుకుని, స్వీట్ల డబ్బా వదిలేసి, వంగి వంగి పరుగెత్తి కార్‌లో పడ్డాడు.

వసుమతి గారు ముందు గుమ్మంలోకి పరుగున వచ్చింది. చేతులు రెండూ ఊపుతోంది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. కార్ అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి, ఇంజన్ మోగుతోంది, ఒక్క మాట వినిపించలేదు.

"అబ్బ! దొంగా దొంగా అని కూడా అరుస్తోంది. ఎంత నిష్ఠ!" అనుకున్నాడు సత్యానందం. భక్తిగా చెయ్యి ఊపి యాక్సిలరేటరు తొక్కాడు.

సామ్యూల్ గరాజ్‌లో శస్త్రచికిత్స జరిగింది. పుల్లను తీసి ఖాళీ పెయింటు డబ్బాలో గుచ్చారు. కొత్త మొక్కను నవోమి నీలం కుండీలో నాటారు. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

"కొంచెం పొట్టిగా లేదూ?" అన్నాడు సామ్యూల్.

"నీళ్ళకి మొక్కలు ముడుచుకుంటాయి."

"ఆకు అంచులు రంపంలా ఉన్నాయేంట్రా?"

"అమెరికా ఎరువు. ఇక్కడ అన్నీ పదునుగానే పెరుగుతాయి."

వాళ్ళిద్దరూ ఇంజనీరింగ్ చదివారు. ఇద్దరి ఇళ్ళలోనూ కరివేపాకు ఎప్పుడూ పప్పులోనే కనిపించేది, అదీ పక్కకు తీసి పడేయడానికి.

ఆ సాయంత్రం నవోమి డ్యూటీ నుంచి వచ్చేసరికి పైపు బాగయింది. కుండీ కిటికీలో కళకళలాడుతోంది. పక్కన సత్యానందం, పెళ్ళికొడుకు పక్కన తోడు పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు.

నవోమి మొక్క చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. వంగి వాసన చూసింది. వేలితో ఆకు అంచు తడిమింది.

"కొంచెం పొట్టిదయింది" అంది.

"మనం లేమని బెంగపెట్టుకుంది."

"పాపం! అయితే మీ మెషీన్ పనిచేసిందన్నమాట."

"నేను ముందే చెప్పలా?"

"చెప్పారు. నేనే నమ్మలేదు. నాదే పొరపాటు." నవోమి గొంతులో ఎంత తేనె ఉందో అంత ప్రమాదం ఉందని సత్యానందం అప్పుడే గ్రహించాల్సింది. ఈత రానివాడికి చెరువు అందంగానే కనబడుతుంది. "ఈ ఆనందంలో రేపు మీకు కమ్మగా పప్పు చేస్తాను. కరివేపాకు దట్టంగా వేసి."

మర్నాడు రాత్రి పప్పు వచ్చింది. పైన ఆకుపచ్చగా గుప్పెడు పోపు. సత్యానందం పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

నాలుక ఒక్కసారిగా ముడుచుకుని గొంతులోకి పారిపోవాలని చూసింది. చేదు. మామూలు చేదు కాదు. చిన్నప్పుడు కడుపులో పురుగులు పోవాలని నాయనమ్మ ముక్కు మూసి పట్టుకుని పోసిన వేపాకు రసం చేదు. ఆ నాయనమ్మ, ఆ గ్లాసు, ఆ అరుగు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

వేప! వసుమతి గారు ఉగాది పువ్వు కోసం పెంచుకుంటున్న వేప మొక్కను ఎత్తుకొచ్చాడు. ఆవిడ గుమ్మంలో చేతులూపుతూ అరిచింది 'దొంగా' అని కాదు!

"ఎలా ఉందండీ?"

ఇక్కడే మనిషి పరీక్ష. చేదుగా ఉందంటే, కరివేపాకు చేదెందుకయిందన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న తలుపు తీస్తే లోపల హీట్ ల్యాంప్, దుప్పటి, గరాజ్, దొంగతనం అన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి.

"అమృతం" అన్నాడు సత్యానందం. కంట్లోంచి ఒక చుక్క పప్పులో పడింది.

"ఏడుస్తున్నారేంటి?"

"అమ్మ చేతి వంట గుర్తొచ్చింది."

"అయ్యో, అయితే ఇంకో గరిటె వేస్తా."

వేసింది. రెండు గరిటెలు.

"నువ్వు తినవా?" అని ఆశగా అడిగాడు.

"ఆదివారం దాకా రాత్రిళ్ళు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నా. మొక్క బతికినందుకు కృతజ్ఞతగా."

ఆ మర్నాడు చారు. దాంట్లో ఆకులు ఈదుతున్నాయి. తర్వాత మజ్జిగ పులుసు. ఆఫీసుకి కట్టిన డబ్బాలో ఇడ్లీలు, వాటి మీద ఆకుపచ్చటి కారప్పొడి. అమెరికన్ కొలీగ్ ఒకడు ఒక ఇడ్లీ రుచి చూసి, రోజంతా నీళ్ళ కూలర్ దగ్గరే నిలబడ్డాడు.

"కరివేపాకు ఆరోగ్యానికి చాలా మంచిది" అనేది నవోమి వడ్డిస్తూ. "రక్తం శుద్ధి అవుతుంది. లోపలున్న చెత్తంతా బయటికి వచ్చేస్తుంది. వచ్చేదాకా వాడాలి."

"ఇంకా ఎంత రావాలంటావ్?"

"అది మీ చేతుల్లోనే ఉందండీ."

శుక్రవారం నాడు సామ్యూల్‌నీ లూసీనీ భోజనానికి పిలిచింది. కుర్చీలో కూర్చోగానే లూసీ చెప్పేసింది. "నాకు కూడా ఉపవాసం వదినా. అన్నయ్యకి, మా ఆయనకి పెట్టు. బాగా పెట్టు."

సామ్యూల్ ఉత్సాహంగా పులుసు జుర్రాడు. జుర్రిన భంగిమలోనే ఉండిపోయాడు. మింగలేక, కక్కలేక, కళ్ళు మాత్రం మెల్లగా సత్యానందం వైపు తిప్పాడు. బల్ల కింద సత్యానందం అతని పాదం మీద తన పాదం వేసి గట్టిగా తొక్కాడు.

"అన్నయ్యా, ఉప్పు సరిపోయిందా?" అంది నవోమి.

"ఉ... ఉప్పుకేం చెల్లీ. ఉప్పు తప్ప ఇంకేమీ తెలియనంత బాగుంది."

"అయితే మారు వేసుకోండి."

కాఫీ తాగేటప్పుడు సామ్యూల్ సత్యానందాన్ని వరండాలోకి లాక్కెళ్ళి మెడ పట్టుకున్నాడు. "ఒరేయ్, నిజం చెప్పెయ్‌రా! నువ్వు చేసిన పాపానికి నా నాలుక ఎందుకు పోవాలి?"

"ఎల్లుండే పండుగ. మొక్క సంఘం చేతికి వెళ్ళిపోతుంది. అప్పటిదాకా ఓర్చుకో."

"సంఘం మొత్తం ఇదే తింటుందిరా అప్పుడు! సంఘ పెద్దవి, సంఘానికంతా నులిపురుగుల మందు పోస్తావా?"

సత్యానందానికి ఆ కోణం తట్టలేదు. శనివారమంతా అది ఒక్కటే తట్టింది. నవోమి అర్పణ అని పేరు పెట్టుకున్నది ఒక దొంగ సరుకు. బల్ల మీద పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత ఆడవాళ్ళందరూ తలో రెబ్బ పట్టుకెళ్ళి పోపు పెడతారు. పెట్టిన ప్రతి ఇంట్లోంచీ నవోమికి ఫోను వస్తుంది. ఏడాదంతా టెంపరేచర్లు చూసి పెంచిన మనిషి అందరి ముందూ తల దించుకోవాలి.

రెండుసార్లు వంటగదిలోకి వెళ్ళాడు చెప్పేద్దామని. మొదటిసారి నవోమి కత్తి నూరుతోంది. రెండోసారి పాట పాడుకుంటోంది. కత్తి కంటే పాటే ఎక్కువ భయపెట్టింది.

"ఏమండీ, ఏదో చెప్పడానికొచ్చినట్టున్నారు?"

"మంచినీళ్ళు."

"అలాగే. అన్నట్టు, పాస్టరు అయ్యగారితో మాట్లాడాను. రేపు సాక్ష్యాల టైములో మీకు అయిదు నిమిషాలిచ్చారు."

"నాకెందుకు?"

"ప్రభువు మీకిచ్చిన జ్ఞానంతో మొక్కను ఎలా కాపాడారో చెప్పాలిగా!"

"నా గొంతు బాగా లేదు నవోమీ."

"ఉండండి, కషాయం చేస్తా. ఆకులు ఇంకా చాలా ఉన్నాయి."

"వద్దు! బాగయిపోయింది."

తెలుగు సంఘం లూథరన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడేది. ఆదివారం ఆ బేస్‌మెంట్ సంతలా ఉంది. ముందు బల్ల మీద గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, పెరట్లో కాసిన ఆనపకాయలు, ఎవరో చేసిన జున్ను. బల్ల మధ్యలో తెల్లటి గుడ్డ కప్పిన రెండు ఆకారాలు.

రెండా? సత్యానందం కళ్ళు నలుపుకున్నాడు. తను కార్‌లో తెచ్చింది ఒక్కటే. రెండోది లూసీ తెచ్చి పెట్టింది. సామ్యూల్ ఎటో చూస్తున్నాడు. పైకప్పు వైపు.

ముందు వరసలో, ఎప్పుడూ ఈ చర్చి గుమ్మం తొక్కని వసుమతి గారు పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ పక్కన చేతిలో కేకుతో కోవాల్‌స్కీ గారు. సత్యానందాన్ని చూసి ఇద్దరూ ఆప్యాయంగా నవ్వారు. అతను ఆ నవ్వును సరిగ్గానే అర్థం చేసుకుని వెనక వరసలోకి జరిగాడు.

పాస్టరు సుందర్ రాజ్ అయ్యగారు నవోమిని పిలిచారు. ఆమె బల్ల దగ్గరికొచ్చి మొదటి గుడ్డ తీసింది. నీలం కుండీలో నిగనిగలాడే మొక్క. ఆడవాళ్ళు "అబ్బా" అన్నారు. వాళ్ళలో పెద్దావిడ విజయశ్రీ గారు లేచి వచ్చి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. ఆవిడ ముఖం చూసి వెనకవాళ్ళు లేవడం మానేశారు.

నవోమి రెండో గుడ్డ తీసింది. పెయింటు డబ్బాలో పుల్ల. బోసి పుల్ల. దాని మొదట్లో, దగ్గరికి వెళ్ళి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా, రెండు పచ్చటి చిగుళ్ళు.

"ఇది నేను అర్పిస్తానన్న మొక్క" అంది నవోమి. "సోమవారం సాయంత్రం నుంచి లూసీ దీన్ని చూసుకుంటోంది. సామ్యూల్ అన్నయ్య వాళ్ళావిడకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు, మొత్తం చెప్పాడు. దుప్పటి ఊరేగింపు గురించి కోవాల్‌స్కీ గారు చెప్పారు. వేప సంగతి వసుమతి గారు హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పారు, మా ఆయన కార్ ఇంటికి చేరకముందే. ఇక మిగిలింది ఒక్కరు చెప్పాలి. వారమంతా రుచికరంగా అడిగాను, చెప్పలేదు. అయ్యగారు అడిగితే చెబుతారేమో."

బేస్‌మెంట్ మొత్తం సత్యానందం వైపు తిరిగింది. సామ్యూల్ అతన్ని వెనక నుంచి మెల్లగా ముందుకు తోశాడు. తోస్తూ "సారీరా" అన్నాడు. అయ్యగారు మైకు చేతికిచ్చారు. ఆయన పెదాలు బిగబట్టుకుని ఉన్నారు, కానీ భుజాలు కదులుతున్నాయి.

సత్యానందం మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మైకు కీచుమంది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అయ్యగారు అయిదు నిమిషాల్లో ముగించమన్నారు. నేను ముగిసిపోవడానికి అంత టైము అక్కర్లేదు. ఈ మొక్కను ఈ స్థితికి తెచ్చింది నేనే. నీళ్ళు తక్కువై కాదు, నా తెలివి ఎక్కువై. పక్కింటావిడకి తాళం ఇద్దామని మా ఆవిడ అంది. నేనుండగా ఎందుకన్నాను. నేనుండబట్టే ఇదంతా జరిగింది. నిజం చెప్పే ధైర్యం లేక పైపు పగిలిందన్నాను. మా పైపులన్నీ గట్టిగా ఉన్నాయి. తర్వాత దొంగతనం చేశాను. సంఘ పెద్దనై ఉండి, అడిగి మరీ దొంగతనం చేశాను. ముందు ప్రార్థన చేసుకుని చేశాను. పోనీ అదైనా సరిగ్గా చేశానా, పక్క కుండీలోది ఎత్తుకొచ్చాను. ఆ వేపాకుని పప్పులో తిన్నాను, చారులో తాగాను, ఇడ్లీ మీద చల్లుకున్నాను. అమృతం అన్నాను, మారు వేయించుకున్నాను. అన్నిటికన్నా పెద్ద అబద్ధం అదే. నవోమీ, నన్ను క్షమించు. ఏడాది నువ్వు పడ్డ కష్టాన్ని నేను పోపు పెట్టేశాను. చివరి తీర్పు గురించి అయ్యగారు చెప్పినప్పుడల్లా నాకు భయమేసేది. ఇప్పుడు లేదు, మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నాకది అయిపోయింది. నాకు పెద్దరికం వద్దు, తీసేయండి. ఒక్క మనవి మాత్రం ఉంది. ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉందన్నారు. అందులో పప్పు ఎవరు వండారో, దయచేసి ముందే చెప్పండి."